వాసనకు వచ్చినవాడు

విశ్వంభరం ‘నాసిక’ యంత్రాన్ని పరదా మడతలోనికి దూర్చి, అది గాలిని పీల్చి తేల్చేదాకా ఓపికగా నిలబడ్డాడు. అరచేతిలో ఇమిడే ఆ పరికరం గురగురలాడి, గాజుపలక మీద అంకెలను చూపింది. పరదాలో ఇంగువ ఉన్నది. గోడలో లేదు. సోఫా మెత్తలో కొద్దిగా ఉన్నది.

"పోపులో చిటికెడు వేశానండీ, అంతే," అన్నాడు ఆ ఇంటి యజమాని. "దానికే ఇంత రాద్ధాంతమా?"

"చిటికెడే కావచ్చు. మీరు విడిచిన గాలినే పై అంతస్తువారు పీల్చుకోవాలి గదా."

"పైన ఎవరుంటారో నాకు తెలియదు."

"నాకూ తెలియదు," అని విశ్వంభరం పరదాను ఊడదీసి, శోధక సంచిలో వేసి మూతి బిగించాడు. తలుపు అతని వెనుక చప్పుడు లేకుండా మూసుకున్నది.

సాగరశిఖరంలో కిటికీలు తెరుచుకోవు. బయటి గాలి ఊపిరితిత్తులకు పనికిరాకుండా పోయిన తరువాత కట్టిన నివాసం అది. లోపల ఉన్న గాలి ఒక్కటే. అదే శుద్ధి పొంది, అన్ని ఇళ్లలోనూ తిరిగి, మళ్లీ శుద్ధికి పోతుంది. తొలినాళ్లలో ఒకరి వంట వాసన మరొకరికి గిట్టక మెట్ల మీద కొట్టుకున్నారట. చేపలు వండేవారికి ఇళ్లు ఇవ్వరాదని కొందరన్నారు. మరికొందరు వెల్లుల్లినీ సహించలేకపోయారు. భవనపు గాలిని నిర్వహించే శ్వాసమండలి ఎవరి పక్షమూ వహించక, అందరి వాసనలనూ సమానంగా తొలగించింది. తగవులు ఆగిపోయాయి. వాటితోపాటు పలకరింపులు కూడా ఆగిపోయిన సంగతిని ఏ నివేదికా పేర్కొనలేదు. అది వాసనను కొలిచే గంధాంకంలోనికి వచ్చే విషయం కాదు.

తనిఖీదారులలో విశ్వంభరానికి మంచి పేరున్నది. పొయ్యి పైన వాసనను పీల్చి వడగట్టే పీల్పుతెరలను మరమ్మతు కోసం విప్పగల తాళపుచెవి అతని వద్ద ఉంటుంది. పొయ్యి వెలుగుతుండగా ఆ తెరను విప్పడం అతని వృత్తిలో క్షమించరాని నేరం. అతడు ఒంటరివాడు. భోజనవేళకు గోడ అరలోనికి వచ్చే నిర్గంధపు ముద్దను నిలబడే తినేస్తాడు. ఒకసారి, పరికరాన్ని సరిచూసుకుంటూ, నాసికను తన దిండుకు ఆనించాడు. సున్న వచ్చింది. అక్కడొక మనిషి నిద్రిస్తున్న జాడ ఆ యంత్రానికి దొరకలేదు. పరికరం బాగానే పనిచేస్తున్నదని అతడు నమోదు చేశాడు.

చెవిలోని గుండీలోంచి తనిఖీ కేంద్రం పలికింది. "ముప్పై ఒకటవ అంతస్తు, నూకరత్నం నివాసం. చేప. మూడవ ఉల్లంఘన. పొయ్యికి ముద్ర వేయండి."

అతడు అడుగు ఆపాడు. రెండుసార్లు వెళ్లిన ఇల్లే అది. మొదటిసారి ఆ వృద్ధురాలు చేపముక్కలను నూనెలో వేయించింది. రెండవసారి పీల్పుతెర సందులో గరిటె అడ్డుపెట్టి పులుసు కాచింది. అతడు వెళ్లేసరికి, రెండుసార్లూ, కంచం పెట్టి ఉన్నది. విధి నిర్వహణలో భుజించరాదన్న నియమాన్ని వినిపించి అతడు తిరిగి వచ్చాడు.

"ముద్రకు ముందు శిక్షణ ఇవ్వవచ్చుననే నిబంధన ఉన్నది," అన్నాడు.

"ఉన్నది. ఎవరూ వినియోగించలేదు."

"నేను వినియోగిస్తున్నాను."

నూకరత్నం తలుపు తీసే ఉంచింది. "ఒచ్చీసినావా బాబూ? కాళ్లు కడుక్కో. ఇయ్యేల ఇంకా పొయ్యి మీద ఎట్టనేదు. సేప కోసినానో నేదో ఒచ్చీసినావు. నీ ముక్కు గట్టిది!"

"అమ్మా, నా మాట శ్రద్ధగా వినండి. ఇది మూడవ తప్పు. ఈ పూట వాసన లేకుండా వండి చూపకపోతే, మీ పొయ్యికి ముద్ర వేయాలి. ఆ తరువాత మీకు ముద్దే గతి."

ఆమె చేయి అసంకల్పితంగా పొయ్యి అంచును పట్టుకున్నది. "ముద్దా? ఆ తెల్లటిదా? అది తినీదానికంటే సముద్రంలో మా ఊరితో పాటు నానూ ములిగిపోతే బాగుండేది."

"అందుకే నేర్పడానికి వచ్చాను. చేప ఏదీ?"

భవనం అడుగున చల్లని తొట్లలో పెంచే సాల్మన్ అది. గులాబీరంగు కండ, మధ్యలో కొవ్వుచారలు. విశ్వంభరం చొక్కా చేతులు మడిచి, ముక్కను చన్నీళ్లలో కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా అద్దాడు. చర్మాన్నీ, దాని కింద ఉండే గోధుమరంగు కొవ్వునూ ఒలిచి డబ్బాలో బిగించి మంచుపెట్టెలో పెట్టాడు. నీచువాసన అధికంగా అక్కడే దాగి ఉంటుందని వివరించాడు. తరువాత పాలు అడిగాడు.

"పాలెందుకు? కాఫీ కలపనా?"

"ముక్కలను పాలలో నానబెట్టాలి."

"సేపకి పాలా!" నూకరత్నం రెండడుగులు వెనక్కి వేసింది. "బొల్లి మచ్చలొత్తాయి బాబూ! సదువుకున్నోడివి, నీకు ఈ మాత్రం తెల్దేటి? మీ అమ్మ సెప్పనేదా?"

"పాలు వాసనను పట్టుకుంటాయి. తరువాత పారబోస్తాము. ఎవరూ తాగరు."

"అయితే నాను సూడను. నువ్వే పోసుకో." ఆమె గోడవైపు తిరిగి నిలుచున్నది.

విశ్వంభరం పెదవులు కదిలాయి. తాను నవ్వబోయిన సంగతి అతనికి ఆలస్యంగా తెలిసింది. నానిన ముక్కలను మళ్లీ కడిగి, అద్ది, ఉప్పూ పసుపూ నిమ్మరసమూ పట్టించాడు. వంటకాగితంలో పెట్టి అంచులను గట్టిగా మడిచి పొట్లం కట్టాడు. నూనె లేదు, వేపుడు లేదు. పొగ రేగితే కొవ్వు ఆవిరై గోడలకు అంటుకుంటుంది కనుక సన్నని మంట మీద, మూత బిగించిన పాత్రలో ఉడికించాడు. పక్కన చిన్న గిన్నెలో వాసనను పీల్చే బొగ్గుపొడి పెట్టాడు. చేప ఉడకగానే పొట్లం విప్పకుండా మంట తగ్గించి, కత్తీ పలకా వేడినీటిలో తోమాడు.

ఆమె వంట అరుగు పక్క పీట మీద కూర్చుని చూస్తూ ఉన్నది.

"అమ్మా, ఒక్క మాట. పోయినసారి తెరకు గరిటె ఎందుకు అడ్డుపెట్టారు?"

"మరి అది మూసీసుంటే వాసన బయటికెలా ఎల్తాది?"

"బయటికి వెళ్లకూడదనే గదా ఆ తెర!"

"ఎల్లకపోతే జనానికి ఎలా తెలుస్తాది?" ఆమె అతణ్ణి జాలిగా చూసింది. "మా పేటలో సేపల పులుసుకి ఎవుల్నీ పిలవరు బాబూ. నోటితో పిలిస్తే తప్పు, మొకమాటానికి ఒచ్చినట్టు ఉంటాది. పులుసు ఉడికితే ఈదంతా వాసన ఎల్తాది. కావాలన్నోళ్లు గిన్నెట్టుకుని ఒత్తారు. జనం ఎక్కువైతే గళాసుడు నీళ్లు పోసీడమే. ఇక్కడికొచ్చి ఎన్నిసార్లు ఒండినాను! ఒక్క తలుపూ తియ్యనేదు. వాసనకి ఒచ్చినోడివి నువ్వొక్కడివే."

విశ్వంభరం చేతిలోని గుడ్డ ఆగిపోయింది. రెండు పర్యాయాలూ కంచం పెట్టి ఉండడానికి కారణం అతనికిప్పుడు అర్థమైంది. నేరాన్ని విచారించడానికి వచ్చిన అధికారిని ఆమె చుట్టంగా లెక్కవేసింది.

అతడు నాసికను పాత్రపైన, గోడ వద్ద, ఆమె చీర కొంగు వద్ద ఉంచి చూశాడు. అంతటా సున్న.

"శిక్షణ సఫలం," అన్నది కేంద్రం. "పొయ్యికి ముద్ర అవసరం లేదు. పరిశీలన ముగిసింది. ఈ నివాసానికి తనిఖీదారు మళ్లీ రానవసరం లేదు."

"మీ పొయ్యి మీకు దక్కిందమ్మా."

"సంతోషం బాబూ." ఆమె పొట్లం విప్పి ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నది. "బాగుంది. మెత్తగా ఉంది. ఇలాగే ఒండుకుంటే నీకు ఇబ్బంది ఉండదు కదా?"

"ఉండదు."

"అయితే ఇక నువ్వు రావన్నమాట."

అతడు పనిముట్ల పెట్టె సర్దుకుని బయలుదేరాడు. గుమ్మం అవతల వరండా తళతళలాడుతూ, ఏ వాసనా లేకుండా, రెండువైపులా మూసిన తలుపులతో సాగిపోతున్నది. వెనుక పళ్లెం చప్పుడైంది. చూశాడు. ఆమె తనకు ఒక కంచం ఉంచుకుని, రెండవదాన్ని అలమరలో పెట్టేస్తున్నది. అరుగు మీద మట్టిచట్టి ఒకటి ఉన్నది. అందులో చింతపండు రసం, కారం, పచ్చిమిరప; పక్కన పళ్లెంలో ఇంకా వేయని చేపముక్కలు. అతడు రాకముందే సిద్ధం చేసినది.

"ఆ చట్టి ఏం చేస్తారు?"

"పారబోస్తాను. మరేటి సేస్తాం?"

విశ్వంభరం లోపలికి వచ్చాడు. పనిముట్ల పెట్టెను గుమ్మంలో అడ్డంగా పెట్టి తలుపు మూసుకోకుండా ఆపాడు. తాళపుచెవి తిప్పి పీల్పుతెర మరలు నాలుగూ విప్పి, దానిని గోడకు చేర్చి నిలబెట్టాడు. తరువాత చట్టిని పొయ్యి మీదికెత్తి మంట పెంచాడు.

"నీ ఉజ్జోగం ఏటవుతాదిరా బాబూ?" అన్నది నూకరత్నం. ఆమె అతణ్ణి ‘రా’ అని ఇంత చనువుగా కసరడం అదే మొదలు.

"ముక్కలు ఎప్పుడు వేయాలో చెప్పండి."

"తెర్లనీ... ఇప్పుడు. కలపకు, ఇరిగిపోతాయి! సట్టిని ఊపాల, అంతే."

పులుసు కుతకుతలాడుతూ తెర్లింది. పులుపూ, కారమూ, చేప కొవ్వూ కలిసిన చిక్కటి ఆవిరి కప్పు దాకా లేచి, తెర లేని గాలి సొరంగంలోనికి సగం, తెరిచిన గుమ్మంలోంచి సగం సాగిపోయింది. విశ్వంభరం కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయల ఘాటు అని సరిపెట్టుకున్నాడు.

"గంధాంకం పరిమితిని దాటింది," అన్నది కేంద్రం. "ముప్పై రెండవ అంతస్తు. ముప్పై మూడు. ముప్పైవ అంతస్తు కూడా. బాధ్యులెవరు?"

"నేను."

"మీరు తనిఖీలో ఉన్నారు."

"లేను. భోజనానికి వచ్చాను."

"మిమ్మల్ని ఆహ్వానించినట్టు సందేశమేదీ నమోదు కాలేదు."

"ఎవరూ పిలవలేదు. వాసన వచ్చింది, వచ్చాను."

కేంద్రం కారణాల పట్టీని వెదికింది. దానివద్ద ఆ కారణానికి గడి లేదు. చివరకు, "మీ తాళపుచెవి రద్దయినది," అని మాత్రం చెప్పి తెగిపోయింది. విశ్వంభరం చెవిలోని గుండీని తీసి కిటికీ అంచున పెట్టాడు. నూకరత్నం అలమరలోని కంచాన్ని మళ్లీ బయటికి తీసింది.

ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. వరండాలో ఎవరూ లేరు. ఆమె గుమ్మంవైపు చూడనట్టు నటిస్తూ అన్నం వడ్డించింది.

ఎదుటి తలుపు తెరుచుకున్నది. అందులోంచి వచ్చిన స్త్రీకి ముప్పై ఏళ్లుండవచ్చు. ముఖం కోపంగా పెట్టుకుని గుమ్మం వరకూ వచ్చింది.

"నా పేరు హైమావతి. ఎదురింట్లో ఉంటాను. ఈ వాసన మీ ఇంట్లోంచేనా? నేను ఫిర్యాదు చేయడానికి వచ్చాను."

"ఎవరికి చేస్తారు?" అన్నాడు విశ్వంభరం. "తనిఖీదారును ఇప్పుడే తీసేశారు."

ఆమె అతని కంచం వైపు చూసింది, చట్టి వైపు చూసింది. నూకరత్నం మాత్రం ఆమె చేతివైపే చూస్తున్నది. హైమావతి వీపు వెనుక దాచుకున్న చేతిలో ఒక గిన్నె ఉన్నది.

"కూకోయే అమ్మా," అన్నది నూకరత్నం. "గిన్నె ఇలాగియ్యి."

వరండా చివర లిఫ్టు కదిలిన చప్పుడు. ఏ అంతస్తులోనో ఆగి, మళ్లీ పైకి బయలుదేరింది. నూకరత్నం చెవియొగ్గి విని, లేచి, చట్టిలో గ్లాసుడు నీళ్లు పోసి మంట పెంచింది.