రెండు రాళ్ల చుట్టూ ఎనిమిది

సాయంత్రం నాలుగుంబావుకు ప్రవీణ కారు కింద వెల్లకిలా పడుకుని, వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌లో కొత్త నూనె పోస్తోంది. కొంటాలో వాళ్ల నాన్న బట్టల దుకాణం వెనక గోదాము అది. తమ్ముడు గోపీ గొంతుక్కూర్చుని టార్చి పట్టుకున్నాడు. పట్టుకున్నాడన్న మాటే గాని వెలుగంతా ఆమె మొహం మీదే పడుతోంది.

"నూనె పోసేది నా కంట్లోకి కాదురా."

"ఇంజనీరమ్మ కళ్లు అలిసినయేమో చూస్తున్నా అక్కా."

ప్రవీణ కిరందుల్‌లో గని వర్క్‌షాపులో పనిచేస్తుంది. నాలుగు రోజుల సెలవు పెట్టి వచ్చింది తమ్ముడి కారు కోసమే. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. మలుపులో లోపలి చక్రం తేలిందంటే బలమంతా ఆ తేలిన చక్రమే మింగేసి గిర్రున ఉత్తిగా తిరుగుతుంది, బండి అదుపు తప్పుతుంది. నిరుడు జగదల్‌పూర్ పోటీలో గోపీ అట్లాగే గట్టుకు గుద్దాడు. ఇప్పుడు బిగించింది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. లోపల ఒత్తుకునే ప్లేట్లుంటాయి. ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందుతూనే ఉంటుంది.

గోపీ భార్య శిల్ప చంటిదాన్ని చంకనేసుకుని టీ తెచ్చింది.

"వదినా, నిరుడు ఈయన చెయ్యి విరగ్గొట్టుకుంటే రెణ్ణెల్లు ముద్దలు కలిపి పెట్టిన. ఈసారి అయితే మాత్రం పుట్టింటికే."

"ఏం కాదు. ప్లేట్లు సరిగ్గా సర్దుకున్నాయని నేను చూసి చెప్పందే ఆదివారం పోటీకి పంపను. సరేనా?"

శిల్ప తలూపింది గాని నమ్మినట్టు కనబడలేదు.

కొత్త ప్లేట్లు సర్దుకోవాలంటే బండిని మెల్లగా ఎనిమిది ఆకారంలో తిప్పాలి. ఒక చుట్టు కుడికి, ఒక చుట్టు ఎడమకు. అట్లా రెండువైపులా ఒకే తీరున అరగాలి. మరైగూడ దారిలో ఒక బీడుంది. సమంగా, గట్టిగా ఉంటుంది. దాని నడుమ నిలువెత్తు రాళ్లు రెండు, సరిగ్గా కావలసినంత ఎడంలో. చచ్చిపోయినవాళ్ల పేరిట పల్లెవాళ్లు పాతిన రాళ్లు. ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు, వాటి మీద చెయ్యి వెయ్యకూడదని. చుట్టూ బండి తిప్పకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. తిప్పాల్సిన పని ఎవరికి పడింది గనక?

"వేరే చోటు చూద్దామా?" అంది ప్రవీణ, కారు వెంట వచ్చిన స్కూటీ దిగుతూ.

"తగలనియ్యను అక్కా. పోటీలో పెట్టే కోన్ల లెక్క దేవుడే పాతిపెట్టిండు వీటిని." తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "వీడియో తియ్యి."

ప్రవీణ రోడ్డువార నిలబడి చెవులు రిక్కించింది. మొదట్లో ప్లేట్లు కటకటలాడాయి. రాన్రాను ఆ చప్పుడు మెత్తబడింది. మబ్బు దిగింది. తడిమట్టి వాసన, దాని అడుగున కాలిన నూనె వాసన. ఎర్రటి వెనక దీపాలు ఇప్పచెట్ల నీడలో మాయమై మళ్లీ తేలుతున్నాయి.

కాసేపటికి ఆమెకు ఒకటి కనబడింది. కారు ఎడమవైపు కుంగింది. మలుపులో కుంగడం మామూలే. తిన్నగా వస్తున్నప్పుడు కూడా కుంగే ఉంది.

స్ప్రింగు అనుకుంది.

కారు దగ్గరగా దాటింది. అద్దంలోంచి గోపీ మొహం కనబడింది. పెదాలు కదులుతున్నాయి. ఎడమవైపు తిరిగి నవ్వుతున్నాడు. ఫోన్లో అనుకుంది...

వాడి ఫోను తన చేతిలోనే ఉంది.

ఎదురెళ్లి చెయ్యి ఊపింది. కారు ఆగింది. గోపీ అద్దం దించి ఆమెను చూశాడు, పక్కసీటు చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు.

"ఎప్పుడు దిగినవ్?" అన్నాడు మెల్లగా.

"ఎక్కితే గదరా దిగడానికి."

"మధ్యలో ఎక్కినవ్ గదక్కా. ప్లేట్ల సప్పుడు లోపల్నుంచి వింటా అన్నవ్."

"ఇంకేమన్నాను?"

"ఇంటికి పోదామా అన్నవ్..." అతను తన తలుపు వైపుకు జరిగాడు. "పోదాం అన్నా."

వెనక ఎవరో దగ్గారు. మేకలు తోలుకుంటూ ఒక ముసలామె వచ్చి నిలబడింది. బీడు అవతలి పల్లెలో ఉండే ముయె అవ్వ. దుకాణంలో చీరలు కొనే మనిషే. ఆమె వీళ్లను చూడడం లేదు. మట్టిలో చక్రాల జాడ చూస్తోంది.

"ఎటు తిప్పిన్రు బిడ్డా?"

"ఎటేంది అవ్వా?" అన్నాడు గోపీ.

"ఈ దగ్గరిది, మా మంగల్ రాయి, కుడిచేతికి ఉంచి తిప్పిన్రా, ఎడమచేతికా?"

ప్రవీణ లెక్క చూసుకుంది. దగ్గరి రాయి ఎప్పుడూ కుడిచేతికే. దూరపు రాయి ఎప్పుడూ ఎడమచేతికే. ఎనిమిది అంటే అంతే.

"కుడికి తిప్పితే పిలిసినట్టు. ఎడమకు తిప్పితే పంపినట్టు. పండుగనాడు మేం ఒక్కసారి పిలుస్తం, బువ్వ పెట్టి ఒక్కసారి పంపుతం. మీరు నా కొడుకును పిలుసుడే గని పంపలే." ఆమె కోప్పడలేదు. కారు ఎడమ తలుపుకేసి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడు మెతకోడు. ఎవరు పిలిస్తే వాళ్ల ఎంట పోతడు."

"మరి ఇప్పుడెట్ల?"

"ఉల్టా తిప్పున్రి. నా కొడుకు రాయి ఒక్కటే."

"ఆ రెండోది ఎవరిది?" అని అడిగింది ప్రవీణ.

"ఎవరికెరుక. దారెంట పోతూ పోతూ ఈడ పడి సచ్చిండు. పేరు తెల్వదు, ఊరు తెల్వదు. వాణ్ణి ఎవరం పిలువం. పిలిస్తే ఏడికి పోతడు?"

గోపీ బండి తిప్పాడు. అప్పుడే వాన మొదలైంది. అద్దాలు ఎక్కించుకున్నాడు. మంగల్ రాయిని ఎడమచేతికి ఉంచి ఒక చుట్టు. రెండో చుట్టు. దీపాల వెలుగులో ప్రవీణ కళ్లముందే ఎడమవైపు మెల్లగా లేచింది. భారం దిగిన ఎద్దు వీపులాగా.

ముయె కళ్లు మూసుకుని ఏదో గొణిగింది. ప్రవీణ ఊపిరి వదిలింది.

ఆ తర్వాత కారు వంపు తిరిగి దూరపు రాయివైపు సాగింది.

ఒక వైపే తిప్పితే ఒక వైపే అరుగుతుంది. వచ్చిన నాటినుంచీ తమ్ముడి బుర్రకెక్కించింది ప్రవీణే. కుడికి ఎంతో ఎడమకు అంత. అతని చేతులు వాటంతటవే ఎనిమిది పూర్తి చేస్తున్నాయి.

"గోపీ... ఆగు..."

వాన హోరులో, మూసిన అద్దాల వెనక, అతనికి వినబడలేదు. ఆమె బురదలో పరుగెత్తింది. చెప్పు ఊడింది. కారు దూరపు రాయిని కుడిచేతికి ఉంచి నిండుగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఆమె ముందుకు దూకితే ఆగింది.

"ఏందక్కా? ఇప్పుడు ఎంత మెత్తగా పోతుందో చూసినవా?"

వెనక్కి తిరిగి చూస్తే ముయె నిలబడ్డ చోట లేదు. మేకల్ని కర్రతో అదిలిస్తూ బీడు దాటిపోతోంది. తల తిప్పలేదు. ప్రవీణ పిలిచింది. పిలిచినకొద్దీ ఆమె నడక జోరైంది.

ప్రవీణ కారు చుట్టూ తిరిగి చూసింది. రెండు వైపులా సమంగా ఉంది. పక్కసీటు తడిమింది. పొడిగా, చల్లగా, ఖాళీగా ఉంది. ఆ దూరపు రాయి చుట్టూ ఎడమకు తిప్పిద్దామంటే, వాడి చేతులు మళ్లీ ఎనిమిది పూర్తి చేసి మంగల్‌ను పిలుస్తాయేమోనని భయం. ఏది పిలవడమో ఏది పంపడమో ఆమెకే పాలుపోలేదు.

"చీకటి పడింది. పద," అంది.

స్కూటీ మీద వెనకే వచ్చింది. వానలో ఎర్రదీపాలు రెండూ తప్ప ఏమీ కనబడలేదు.

ఆదివారం పోటీలో గోపీ మూడో స్థానంలో వచ్చాడు. గీత కూడా పడలేదు. శిల్ప ఫోన్ చేసి నవ్వింది. ప్రవీణ అప్పటికే కిరందుల్ వెళ్లి పనిలో పడింది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ గోపీ ఫోన్ చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ అడిగాడు.

"అక్కా, ఖాళీ సీటుకు బెల్టు బీప్ ఎందుకు కొడతది? ఆ రోజు బీడు నుంచి ఇంటిదాకా కొడుతూనే ఉన్నది. పక్కసీటుది. వైరు తడిసిందేమో అనుకున్న."

"ఇప్పుడు కొడుతుందా?"

"లే. ఆ రోజే ఆగింది. మా గేటు ముందట. నేనింకా ఇంజను ఆపలే, తలుపు తీయలే..."

అతని వెనక ఎక్కడో చంటిది కిలకిలా నవ్వింది.

"శిల్ప దగ్గరుందా పాప?"

"లే అక్కా. శిల్ప దుకాణంలో ఉంది. ఇది లోపల ఒక్కతే ఆడుకుంటుంది."