మినోరి ఎంట్రీకి కాగితాలు

"మినోరి ఎవరు?" అని కామేష్ అడిగినందుకు లిలువా లోకల్ రైల్లో సమీర ఒక చూపు చూసింది. ఎక్కాలు రాని పిల్లల్ని కూడా కామేష్ ఎన్నడూ అలా చూడలేదు.

"ఏటి మాస్టారూ! జపాన్‌లో పెద్ద నటి. పదహారేళ్ళకే పాప్ గ్రూపులో చేరింది. వెనక వరసలో చివర్న. గ్రూపు మూతపడితే ఇక ఇంటికెళ్ళిపోతుందన్నారు. వెళ్ళలేదు. సినిమాల్లో మొదట దొరికింది శవం వేషం. కదలకుండా ఎంత బాగా చేసిందో!"

కదలకుండా ఉండటంలో కామేష్‌కీ అనుభవం ఉంది. రైల్వే క్వార్టర్స్‌లో పక్క వరసలో ఉండే సమీరను మూడేళ్ళుగా ప్రేమిస్తూ, ఆమెతో ఎక్కువగా వాన గురించే మాట్లాడాడు.

సోమవారం సమీరను చూడటానికి శ్రీకాకుళం నుంచి పెళ్ళివారు వస్తున్నారు. ఆదివారం రవీంద్ర సదన్ దగ్గర ఒక ఫిలిం క్లబ్ వాళ్ళు మినోరి సినిమా వేస్తున్నారు. సమీర దగ్గర రెండు పాసులున్నాయి, ఒకటి కామేష్‌కిచ్చింది. మనసులో మాట చెప్పాలంటే ఆ ఒక్కరోజే మిగిలింది.

సలహాకి వర్క్‌షాపులో రిటైరైన సోములు మావయ్య దగ్గరికెళ్ళాడు.

"ఆ పిల్లకి హీరోయినంటే పేణమా? అయితే తెర మీదకి రాగానే కాయితాలెగరెయ్యాల్రా! నానెగరేసిన కాయితాలు ఊడవలేక హాలోళ్ళు ఏడిసేవోళ్ళు."

కామేష్ పాత ప్రశ్నపత్రాలు తీశాడు. లెక్కల మాస్టారు కదా, స్కేలు పెట్టి సమానంగా కత్తిరించాడు.

హాల్లో అందరూ దగ్గొచ్చినా రుమాలు అడ్డం పెట్టుకునే పెద్దమనుషులు. తెర మీద తలుపు తెరుచుకుంది. మినోరి! కామేష్ లేచి రెండు గుప్పిళ్ళూ విసిరాడు. ఆమె చేతుల్లో ఏముందో విసిరాక చూశాడు. తల్లి అస్థికల కుండ. ఏడాది కిందట అలాంటిదే మోసినవాడికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దాదా, ఎటా కీ కొర్‌ఛేన్!" ఇదేం పనని ముందు వరసలో ఒక బట్టతల బెంగాలీలో మండిపడింది.

రెండు నిమిషాల్లో ఇద్దరూ బయట వరండాలో ఉన్నారు. వాన కురుస్తోంది.

"ఆ సీనుకే ఆవిడకి అవార్డొచ్చింది," అంది సమీర.

"క్షమించు."

"ఇరవయ్యేళ్ళు కష్టపడితే వచ్చింది, మాస్టారూ. మీరు ఇరవై సెకన్లు కూడా చూడనివ్వలేదు."

"అవును."

"అవునేటి అవును! ఎందుకు చేశారసలు?"

వాన గురించి మాట్లాడటానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. కామేష్ దాన్ని వదులుకున్నాడు.

"నాకు సినిమాలు తెలీవు సమీరా. ఆవిడ గురించి చెప్పేటప్పుడు నీ మొహం చాలా బాగుంటుంది. రేపు ఆ కబుర్లు ఇంకెవరో వింటారని భయమేసింది. నాకే చెప్పు. ఎన్నేళ్ళయినా వింటాను."

సమీర ఫోన్ తీసింది.

"అమ్మా, రేపు రావద్దని శ్రీకాకుళం వాళ్ళకి చెప్పీ... ఎందుకా? ఇంటికొచ్చి చెప్తాను. ఇప్పుడు నా జుట్టు నిండా కాయితాలున్నాయి." కామేష్ వైపు తిరిగింది. "చూస్తారేటి? తియ్యండి."

కామేష్ ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు.