మోగని పళ్ళెం

ఆ సాయంత్రం వ్యాపారి ఇంకా దీపం వెయ్యకముందే కొనేవాడు దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. పాత చైనా పింగాణీ సేకరించే పెద్దమనిషి. అలాంటివాళ్ళని ఈ వ్యాపారంలో కలెక్టర్లంటారు. పెళ్ళయిన కొత్తలో వ్యాపారి "రేపు మనింటికి కలెక్టరు గారొస్తున్నారు" అని చెబితే, భార్య హడలిపోయి ఇల్లంతా కడిగింది. వచ్చినాయన గిన్నెలూ పళ్ళాలూ పోగేసుకునే మనిషని తెలిశాక మళ్ళీ ఎవరికోసమూ అంత శ్రమ పడలేదు.

బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద ఎర్ర పళ్ళెం పెట్టాడు వ్యాపారి. పువ్వు లేదు, తీగ లేదు. లోపలా బయటా ఒకటే ఎరుపు. అంచు దగ్గర మాత్రం పూత పలచబడి తెల్లగా తేలింది. బొమ్మలున్న పళ్ళెంలో చిన్న పగులు ఏ కొమ్మ చాటునో ఉంటే కొందరు సరిపెట్టుకుంటారు. ఒకే రంగు పళ్ళెంలో వెంట్రుకంత బీట ఉన్నా ఎవరూ ముట్టరు. ఆ బీట ఒక్కోసారి కంటికి ఆనదు కూడా. అందుకే దాన్ని చెవితో కొంటారు. మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి గోటితో అంచు మీద తడితే గంటలా మోగాలి. బీటవారిందైతే టప్ మంటుంది.

ఈ పళ్ళెం మోగుతుందని వ్యాపారికి బాగా తెలుసు. దాన్ని మోగకుండా చెయ్యడమూ తెలుసు.

అది అతని మేనత్తది. తల్లి పోయాక అతన్ని కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి. ఓడల్లో పనిచేసిన మామయ్య ఎక్కడినుంచో తెచ్చి ఆమె చేతిలో పెట్టిన పళ్ళెం. అమ్మెయ్యమని మేనల్లుడు ఎంత బతిమాలినా నవ్వి ఊరుకునేది. ఒకరోజు చూసిస్తానంటూ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళ కొసల మీద కాదు, అరచెయ్యంతా అడుగున అదిమిపెట్టి, గోటితో తట్టాడు. టప్.

"బీటవారింది అత్తయ్యా. ఎక్కడో తగిలించి ఉంటావు."

ఆమె తన చేతులకేసి చూసుకుంది. చూస్తూ ఉంటే బాధ కదా, నేను తీసుకెళ్తాలే అని పళ్ళేన్ని గుడ్డలో చుట్టుకొచ్చేశాడు. అమ్ముడుపోయాక నిజం చెప్పి నవ్విద్దామనుకున్నాడు. ఆమె ఆ రోజునుంచీ సరిగ్గా తినలేదట. ఆ చలికాలం దాటకుండానే, అతని పెళ్ళికి ముందే పోయింది. గుర్తొచ్చినప్పుడల్లా అతను సిగ్గుతో చచ్చిపోయేవాడు. అలా చచ్చిపోతూనే పళ్ళేన్ని తుడిచి, ఇన్నేళ్ళకి ఇవాళ అమ్మకానికి పెట్టాడు.

బయట వాన మొదలైంది. గదిలో తడి అట్టపెట్టెల వాసన. మోగించండి చూద్దాం అన్నాడు పెద్దమనిషి.

వ్యాపారి పళ్ళేన్ని వేళ్ళ కొసల మీదికి ఎత్తి, గోటితో తట్టాడు.

టప్.

తన చెయ్యి తనే చూసుకున్నాడు. మూడు వేళ్ళే ఉన్నాయి, అరచెయ్యి తగలడం లేదు. మళ్ళీ తట్టాడు. టప్… చెయ్యి మార్చాడు. అప్పుడు తెలిసింది. వేళ్ళ కొసలకి చల్లగా, గట్టిగా తగలాల్సిన పింగాణీ వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. ముడతలు పడిన చర్మంలా…

గబుక్కున కింద పెట్టేశాడు. పెద్దమనిషి తనే తీసుకుని తట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"బీటవారిందండీ. ఎవరో ఎక్కడో తగిలించి ఉంటారు."

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. వ్యాపారి అలమరలోని ఆకుపచ్చ గిన్నెని తట్టాడు. టప్. తెల్ల కప్పుని తట్టాడు. ఈసారి ఆ టప్ కూడా లేదు. వాన చప్పుడు వినిపిస్తోంది, వీధిలో బళ్ళు వినిపిస్తున్నాయి. అతను ముట్టుకున్నదే వినిపించడం లేదు. తాళంచెవులు చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి. చప్పుడు లేదు.

తడుస్తూ ఇంటికి పరిగెత్తాడు. తలుపు రెండు చేతులా బాదాడు, చప్పుడు లేదు. లోపల పాటలు పెట్టుకుని భార్య ఏదో పని చేసుకుంటోంది. కిటికీ అద్దంలో నీడ చూసి ఆమే వచ్చి తలుపు తీసింది. ఇంతకాలం ఆమెకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఎవరికో ఒకరికి చెప్పెయ్యాలి, అత్తయ్య తప్పేం లేదని. అతను మొదటినుంచీ మొత్తం చెప్పాడు. పెదవులు కదిలాయి. గొంతు నరాలు పొంగాయి. ఒక్క మాట బయటికి రాలేదు.

జలుబుతో గొంతు పోయిందనుకుంది ఆమె. నుదురు పట్టుకు చూసింది. గుండెలో కఫం చేరిందేమోనని చొక్కా పక్కకి తీసి గుండె మీద చెవి ఆనించింది.

తల ఎత్తకుండానే అంది.

"ఏమండీ… లోపల ఎవరో మాట్లాడుతున్నారు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరో పెద్దావిడ. ఏడుస్తోంది. 'అది నీకోసమే దాచాను నాన్నా, ఈ చేతులతో నేనే పాడుచేసుకున్నాను, నన్ను క్షమించు' అంటోంది. అదే మాట… మళ్ళీ మళ్ళీ అదే మాట…"

అతను నోరు తెరిచాడు. శక్తి కొద్దీ అరిచాడు. గదిలో పాట సన్నగా సాగుతూనే ఉంది.

భార్య చెవి తియ్యలేదు. గుసగుసగా అంది.

"ఆవిడ ఆగింది… మీరేమంటారోనని వింటోంది."