సగం సొరకాయ

"అది నా కుర్చీ అండీ."

"పేరు రాసుందా?"

లోరాంట్ నిజంగానే వంగి కుర్చీ వీపు చూశాడు.

"రాసిలేదు. కానీ ఏళ్ళ తరబడి నేనక్కడే కూర్చుంటున్నాను."

"అయితే దానికీ విసుగొచ్చి ఉంటుంది. ఇవాళ్టికి సెలవివ్వండి," అందామె సూపు ఊదుకుంటూ. తల మాత్రం ఎత్తలేదు.

వంటింటి కిటికీలోంచి మార్గిట్ పిన్ని తల బయటికి వచ్చింది. "ఒరే లోరాంట్, నా హోటల్లో కుర్చీలకి మొగుళ్ళు లేరు. ఎదురుగా ఖాళీ ఉంది కదా, కూలబడు."

కూలబడ్డాడు. పెష్త్ పట్నంలో మార్కెట్ వెనక సందులో ఉన్న ఆ హోటల్లో టేబుళ్ళు తక్కువ, తినేవాళ్ళు ఎక్కువ. మధ్యాహ్న భోజనం ఒక్కటే. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఎదుటే అయినా కూర్చోవాలి. కూర్చునేటప్పుడు "కమ్మగా తినండి" అనాలి. లేచేటప్పుడు "ఒంటికి పట్టాలి" అనాలి. మధ్యలో మాట్లాడితే మాట్లాడినట్టు, లేకపోతే లేనట్టు. ఎవరూ తప్పు పట్టరు.

"కమ్మగా తినండి," అన్నాడు లోరాంట్ ముఖం ముడుచుకుని.

"మీరూను."

అంతలో మార్గిట్ పిన్ని రెండు ప్లేట్లలో పాలకూర తెచ్చింది. ఆమె ప్లేటులో పాలకూర మీద వేయించిన గుడ్డుంది. అతని ప్లేటులో లేదు.

"గుడ్లు అయిపోయాయిరా. ఆలస్యంగా వస్తే అంతే."

ఎదుటి మనిషి కత్తితో గుడ్డుని చక్కగా రెండుగా కోసింది. పచ్చసొన ఉన్న ముక్క అతని ప్లేటులోకి జార్చింది. "కుర్చీ నాది, పచ్చసొన మీది. చెల్లుకు చెల్లు."

ఆ క్షణంలోనే లోరాంట్ పని అయిపోయింది. ఆ సంగతి అతనికి తెలియడానికి ఇంకో నెల పట్టింది, పాపం. ఊళ్ళో అందరి కళ్ళకీ అద్దాలు అమర్చే షాపులో పని చేస్తాడు కానీ, తన విషయంలో అతని చూపు కొంచెం మందమే.

ఆ తరవాత ఆమె రోజూ వచ్చేది. అదే టేబుల్, అదే కుర్చీ. లోరాంట్ మాత్రం ఎదుటి కుర్చీకి బదిలీ అయ్యాడు. ఆమె చొక్కా చేతికి ఎప్పుడూ ఓ దారప్పోగు అంటుకుని ఉండేది. ఒకరోజు ఎర్రది, ఇంకోరోజు నీలం. బట్టలు కుట్టే పనని అతనే ఊహించుకున్నాడు. పేరు అడగలేదు. ఆమె కూడా అతని పేరు పెట్టి పిలవలేదు.

ఎందుకు అడగలేదంటే, ఆమె ఎడమ చేతి వేలికి ఒక బంగారపు ఉంగరం ఉంది.

ఎడమ చేతికి ఉంగరమంటే నిశ్చితార్థం అయిందని. పెళ్ళిరోజున అది కుడిచేతికి మారుతుంది. ఇది ఆ దేశంలో పసిపిల్లాడికి కూడా తెలుసు. అందుకని లోరాంట్ ప్రతి సోమవారం ఊపిరి బిగబట్టి ఆమె చేతుల వంక చూసేవాడు. శని, ఆదివారాల్లోనే కదా పెళ్ళిళ్ళు జరిగేది. ఉంగరం ఇంకా ఎడమచేతికే ఉంటే, ఆ వారానికి గండం గడిచినట్టు సూపులో రొట్టె ముంచుకునేవాడు.

"అడగనిదే అమ్మయినా పెట్టదురా," అనేది మార్గిట్ పిన్ని ఆమె వెళ్ళిపోయాక, టేబుల్ తుడుస్తూ. "నువ్వేమో పేరు కూడా అడగవు."

"ఆవిడ ఇంకొకళ్ళకి కాబోయే పెళ్ళాం, పిన్నీ."

"నీకు ఆవిడ చెప్పిందా?"

"చెప్పాలా? కనిపిస్తోంది కదా."

మార్గిట్ పిన్ని అతని వంక అదోలా చూసి, గుడ్డ దులుపుకుని వంటింట్లోకి పోయింది.

వారంలో ఆరు రోజులు ఇలా బాగానే గడిచేవి. ఏడో రోజే మింగుడు పడేది కాదు. ఆదివారం హోటల్‌కి సెలవు. పన్నెండు గంటలకి చర్చి గంట మోగగానే లోరాంట్ ఉండే మేడలో ప్రతి కిటికీలోంచీ మాంసం పులుసు వాసన నడవాలోకి వచ్చేది. గరిటెల చప్పుడు, పిల్లల మీద కేకలు, "ఇంకొంచెం వేసుకో" అన్న మాటలు. లోరాంట్ కిటికీ మూసుకుని రొట్టె మీద కొవ్వు రాసి, ఉల్లిపాయ కోసుకుని నిలబడే తినేవాడు. ఒక్కడి కోసం మాంసం పులుసు ఎవరు కాస్తారు? అది పెద్ద గిన్నెలో, పొద్దున్నించి కాగాల్సిన వంట. పెంచిన అమ్మమ్మ పోయాక ఆ ఇంట్లో ఆ వాసన మళ్ళీ రాలేదు.

ఆగస్టు రాగానే ఆ ఆరు రోజులు కూడా పోయాయి. హోటల్ తలుపు మీద కాగితం: "సెలవులకి వెళ్తున్నాం. నెలాఖరుకి వస్తాం. ఆకలితో ఉండకండి. మార్గిట్."

లోరాంట్ ఆ కాగితాన్ని చదివినవాడు చదివినట్టే నిలబడిపోయాడు. ఆమె పేరు తెలియదు. ఇల్లు తెలియదు. ఈ సెలవుల్లో గనక ఉంగరం చెయ్యి మారితే, పెళ్ళయ్యాక ఆమె మరి రాదేమో. భర్త ఉన్నావిడ మధ్యాహ్నం పరాయివాడి ఎదురుగా కూర్చుని పాలకూర ఎందుకు తింటుంది?

వేరే హోటళ్ళకి వెళ్ళి చూశాడు. నది ఒడ్డున ఒక చోట సర్వర్ అతని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసి, "ఒక్కరేనా?" అని అడిగి, చేతులు కడుక్కునే గది పక్కన కూర్చోబెట్టాడు. ఎదుటి కుర్చీని ఎవరో అడిగి పట్టుకుపోయారు. పులుసు బాగానే ఉంది. కమ్మగా తినమని అనేవాళ్ళే లేరు. సగం తిని లేచి వచ్చాడు. ఇంక ఇంట్లోనే వండుకోవడం నయమనుకున్నాడు.

మార్కెట్లో తురిమిన సొరకాయ అమ్మే ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, "అరకిలో ఇస్తారా?" అన్నాడు.

"నాకూ అరకిలో చాలు," అంది పక్కన ఇంకో గొంతు.

ఆమే. ఎండ టోపీ, చేతిలో సోయికూర కట్ట.

"మీకు వంటొచ్చా?" అందామె.

"రొట్టె కొయ్యడం వచ్చు."

"మరి సొరకాయెందుకు?"

"మార్గిట్ పిన్ని సెలవు మీద వెళ్ళింది. నా కడుపు వెళ్ళలేదు."

ఆమె నవ్వింది. ఏడాదిగా చూస్తున్నాడు కానీ ఇంత గట్టిగా నవ్వడం అతను వినలేదు. "పుల్లమీగడ ఆఖర్న పోస్తారు, తెలుసా? మొదటే పోశారంటే..."

"అన్నీ కిలో సంచులే," అడ్డుపడింది ముసలమ్మ. "ఒంటిమనుషుల కోసం నేను తురమను. మొగుడూ పెళ్ళాం ఒక సంచీ పట్టుకుపోండి, మీ వేళాకోళం ఇంటికెళ్ళి ఆడుకోండి."

లోరాంట్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి చెడ్డపేరు రాకూడదని కంగారుపడ్డాడు. మంచికి పోతే చెడు ఎదురవుతుందంటారే, అదే జరిగింది.

"అయ్యో, కాదమ్మా. ఈవిడకి నిశ్చితార్థం అయింది," అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పెద్దమనసు చూపించబోయి ఆమె వైపు తిరిగాడు. "ఇంతకీ పెళ్ళెప్పుడండీ? ఏడాది నుంచి చూస్తున్నాను, ఉంగరం ఇంకా ఎడమచేతికే ఉంది. వరుడు మరీ తీరుబడిగా ఉన్నట్టున్నాడు."

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. ఎడమచేతిని సోయికూర కట్ట కిందికి దాచుకుంది.

"నాకు ట్రామ్ వేళయింది," అని వెళ్ళిపోయింది. సొరకాయ పంచుకోలేదు. కిలో సంచీ అంతా అతని చేతిలోనే మిగిలింది.

ఇంటికెళ్ళి అమ్మమ్మ ఎనామెల్ గిన్నె పొయ్యి మీద పెట్టాడు. తనేం తప్పు మాట్లాడాడో అర్థం కాలేదు. వరుణ్ణి వెక్కిరించినందుకు కోపమా? పెళ్ళి తప్పిపోయిందా? సొరకాయ వేసి, గిన్నె చెవి ఎడమచేత్తో పట్టుకుని కలపడం మొదలుపెట్టాడు.

అమ్మమ్మ కూడా ఇలాగే పట్టుకునేది. కలిపినప్పుడల్లా ఆమె ఉంగరం గిన్నె చెవికి తగిలి టిక్కుమనేది. ఎడమచేతి ఉంగరం. తాతయ్యని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం, కుళాయి దగ్గర సబ్బు రాసుకుని కుడివేలి ఉంగరం లాగి, ఎడమవేలికి తొడుక్కుంది. "ఇంక ఇది ఇక్కడే," అని అప్పుడు చిన్నవాడైన తనకి చెప్పింది కూడా.

లోరాంట్ గరిటె వదిలేశాడు.

హోటల్లో ఆమె వేలికున్న ఉంగరం కుడికి వెళ్ళాల్సింది కాదు. కుడి నుంచి వచ్చింది. ముసలివాళ్ళే భర్తల్ని పోగొట్టుకుంటారా? ముప్ఫై ఏళ్ళు దాటీ దాటని మనిషి కదాని, అతనికి ఆ ఆలోచనే రాలేదు. అటువంటి మనిషిని నడిబజార్లో పెళ్ళెప్పుడని అడిగాడు. తల కొట్టేసినట్టయింది. పొయ్యి మీద సొరకాయ అడుగంటిపోయింది.

మర్నాటి నుంచి కనపడిన దర్జీ కొట్టల్లా వెతికాడు. ఆగస్టు కదా, ప్రతి తలుపుకీ ఒక సెలవు కాగితమే. వెతికి వెతికి వచ్చి, మళ్ళీ సొరకాయ తెచ్చి వండేవాడు. ఇంకేం చెయ్యాలో తెలియక. ఒకసారి పిండి ఉండలు కట్టింది. ఇంకోసారి ఉప్పు కషాయమైంది. ఏ రోజూ తిన్నది సగమే. మిగతా సగం ఆమెది అనిపించేది, గొంతు దిగేది కాదు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని ఒకరోజు "కమ్మగా తినండి" అని పైకి అన్నాడు. తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు.

హోటల్ తెరిచిన రోజు అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాడు. చేతిలో మూత గిన్నె.

"అదేమిటి?" అంది మార్గిట్ పిన్ని.

"సొరకాయ."

"నా హోటల్లోకి ఇంటినించి సద్ది తెచ్చావా? పెళ్ళి భోజనానికి చద్దిమూట కట్టుకెళ్ళినట్టు?"

"ఇది నాది కాదు పిన్నీ. ఆవిడ సగం."

మార్గిట్ పిన్ని ఇంకేదో అనబోయి, అతని మొహం చూసి ఆగింది. "నీకు తెలిసిందా?"

"మీకు తెలుసా?"

"ఒరే, ఆవిడ చెప్పుకోనిది నేనెలా చెప్తాను?"

టేబుళ్ళు నిండాయి. ఎదుటి కుర్చీ కోసం ఇద్దరు వచ్చి అడిగారు. జీవితంలో మొదటిసారి లోరాంట్ "మనిషి ఉన్నారు" అని అబద్ధం ఆడాడు. సూపు చల్లారింది. పాలకూర అయిపోయింది. మార్గిట్ పిన్ని కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. ఇంక రాదు. తన నోటితో తనే పోగొట్టుకున్నాడు.

తలుపు గంట మోగింది. చొక్కా చేతికి పచ్చ దారంతో ఆమె వచ్చి నిలబడింది. కుర్చీ లాగింది. కూర్చుంది.

గిన్నె ఆమె ముందుకి జరిపి మూత తీశాడు. "మీ సగం. ఆ రోజు మర్చిపోయారు."

ఆమె చెంచాతో కొంచెం తీసుకుని రుచి చూసింది. "మీగడ విరిగింది."

"అవును."

"వేడి కూరలో చల్ల మీగడ ఒక్కసారి గుమ్మరించారు. ముందు గిన్నెలో మీగడ తీసుకుని, దాంట్లో రెండు గరిటెలు వేడి పులుసు పోసి కలపాలి. అలవాటు పడ్డాకే కూరలో పోయాలి."

"నాకు తెలియలేదు," అన్నాడు లోరాంట్. "సొరకాయ గురించి కాదు. ఆ రోజు మార్కెట్లో... మా అమ్మమ్మ కూడా ఎడమచేతికే పెట్టుకునేది. ఆలస్యంగా గుర్తొచ్చింది. క్షమించండి."

ఆమె ఇంకో చెంచా తింది. "సోమవారం సోమవారం నా చేతులు చూసేవారు. గోళ్ళలో మురికి ఉందేమోనని ఆదివారమంతా తోముకునేదాన్ని."

"పెళ్ళయిపోయిందేమోనని చూసేవాణ్ణి."

"అయిపోతే?"

"అయిపోతే ఈ టేబుల్ మీద నేనొక్కణ్ణే," అన్నాడు. "అది నాకు చేతకాదు. ఈ నెల ప్రయత్నించి చూశాను."

ఆమె చెంచాతో గిన్నె అంచు గీకింది. "నాకూ చేతకాదు. ఇంట్లో ఇద్దరికి వండే చెయ్యి నాది. ఒక్కదాని కొలత రాదు. అందుకే ఇక్కడికి వచ్చి మీ కుర్చీ లాక్కున్నాను." తల ఎత్తింది. "నా పేరు ఎమోకె."

"లోరాంట్."

"తెలుసు. మార్గిట్ పిన్ని 'ఒరే లోరాంట్' అని అరవని రోజుందా?"

వంటింట్లో ఏదో మూత దబ్బున పడింది. వినడం లేదని చెప్పుకోవడానికి మార్గిట్ పిన్ని వేసే ఎత్తు అది.

ఎమోకె గిన్నె అడుగు దాకా తిని, చెంచా పక్కన పెట్టింది. ఆ దేశంలో మీరుని నువ్వు చెయ్యాలంటే ఆడమనిషే ముందు అనాలి. మగవాడు ఎన్నేళ్ళయినా కాచుకోవాల్సిందే.

"ఆదివారం ఏం తింటావు, లోరాంట్?"

"రొట్టె."

"మాంసం పులుసు కాచే గిన్నె ఒకటి మా ఇంట్లో ఉంది. పై అల్మరాలో. నాలుగేళ్ళుగా కిందికి దిగలేదు. ఆయన పొడుగు, చెయ్యి చాపితే అందేది. నాకు అందదు."

"నేనూ పొడుగేం కాదు."

"తెలుసు," అంది ఎమోకె. "కుర్చీ వేసుకో."

ఆదివారం పన్నెండింటికి చర్చి గంట మోగింది. ఎప్పటిలాగే నడవాలోకి ఇంటింటి నుంచీ వాసన వచ్చింది. కిటికీలన్నిటిలోకీ ఒక్క లోరాంట్ కిటికీయే మూసి ఉంది. ఇంట్లో మనిషి లేడు.