వంటింటి వెనక బూడిద గది

కోడి కూయకముందే గుల్జార్‌బీ కోడలి భుజం తట్టింది.

"లెయ్యి మాబూ. ఇంగ కొంచేపుంటే తెల్లారిపోతాది."

మాబున్ని మెలకువగానే ఉంది. అత్త ఎప్పుడు పిలుస్తుందా అని పొత్తికడుపు పట్టుకుని చాలాసేపటినుంచి కాచుకుని ఉంది. ఆమెకు ఏడో నెల. లోటా తీసుకుని, తలనిండా ముసుగు కప్పుకుని అత్త వెనకాలే నడిచింది.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో ఆ సందు ఆడవాళ్లు తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి సందు చివరి కంపచెట్లలోకి పోయివచ్చేవాళ్లు. పగలు పోవడమనేది లేదు. మరి పగలు ఎలా అని కొత్తకోడలు అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు, నీళ్లు తాగొద్దని. కడప జిల్లా ఎండల్లో ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడు కచ్చితంగా మగవాడే అయ్యుంటాడు. గుల్జార్‌బీ దాన్ని తన అత్త దగ్గర నేర్చుకుంది, కోడలికి నేర్పింది. పొద్దంతా గొంతు తడుపుకోకుండా పని చేసే కోడలికి సందులో మంచి పేరు కూడా వచ్చేది.

ఈ మధ్య ఆ కంపచెట్లను సగం కొట్టేసి పత్తి లారీలు నిలబెడుతున్నారు. ఆ తెల్లవారుజామున ఆడవాళ్లు కూర్చున్నారో లేదో, ఒక లారీ దీపాలు భగ్గుమని వెలిగాయి. అందరూ ముసుగులు లాక్కుని లేచి నిలబడ్డారు. లారీలో ఎవడో నవ్వాడు. తలుపు తెరుచుకుంది. బీడీ నిప్పు ఒకటి చెట్లవైపు రావడం మాబున్నికి కనిపించింది.

ఆమె పరుగెత్తింది. కంపమీద పడింది, లేచింది, మళ్లీ పరుగెత్తింది. ఇంటికొచ్చి, వెనకాలే వచ్చిన అత్త తలుపు గడియ పెట్టాక కూడా వణుకు తగ్గలేదు. ముళ్లు గుచ్చుకున్న మోకాళ్లను ఆమె చూసుకోనే లేదు. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని, బిడ్డ కదులుతుందా లేదా అని చూస్తూ కూర్చుంది.

ఎండ ఎక్కేసరికి వణుకు చలిజ్వరంలోకి దిగింది. ఆమె భర్త దస్తగిరి వడ్రంగం పని చేస్తాడు. పని మానుకుని పోయి ఆస్పత్రి నర్సు నాగేంద్రమ్మను పిలుచుకొచ్చాడు. నర్సమ్మ కడుపు మీద గొట్టం ఆనించి విన్నది. తరువాత ముఖం ముడుచుకుని అడిగింది.

"నీళ్లు ఎప్పుడు తాగినావమ్మా?"

మాబున్ని అత్తవైపు చూసింది. "నిన్న పొద్దుగూకినాక."

"బిడ్డ గుండె కొట్టుకుంటాంది. అంతవరకు దేవుడి దయ. నీళ్లు మానేసి, వచ్చేది బిగబట్టుకుని, లోపల చీము పట్టించుకున్నావు. మందు ఇస్తా. చెంబులు చెంబులు నీళ్లు తాగకుంటే ఆ మందు ఏం చేస్తాది? జరం ఇట్లే ఉంటే నెలలు నిండకుండానే కాన్పయితాది. అట్లా పుట్టిన బిడ్డ దక్కదు."

నర్సమ్మ వెళ్లిపోయింది. దస్తగిరి చెంబు తెచ్చి నోటికి అందిస్తే మాబున్ని పెదవులు బిగించుకుంది.

"తాగితే పగలు యాడికి పోవల్ల? ఆ లారీల కాడికా? నాకు భయం."

దస్తగిరి చెంబు కింద పెట్టి గోడకు ఆనించిన పలకలు లాగాడు. పోయిన నెల పులివెందులలో ఒక అయ్యవారి ఇంటికి తలుపులు చేయడానికి పోయినప్పుడు, అక్కడ ఇంటిలోపలే ఒక మరుగుదొడ్డి చూసొచ్చాడు. కూర్చునే చెక్కపెట్టె, దాని కింద రేకు డబ్బా, పక్కన పొయ్యిబూడిద. అంతే. అప్పుడు ఈ మాట ఎత్తితే గుల్జార్‌బీ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

"ఏంది చేస్తాండావు?" అంది ఆమె ఇప్పుడు.

"వంటింటి వెనక ఆ మూల కట్టేస్తా."

"నమాజు చేసే ఇంట్లోనా? అన్నం వండే గోడకు అవతలనా?"

"ఇంగ యాడ కడతామమ్మా? పెద్దోళ్ల మాదిరి సెప్టిక్ ట్యాంకు కట్టేదానికి మనకేమన్నా తోట ఉండాదా? పెరట్లో మంచం వేస్తే మనిషి నిలబడేదానికి చోటు లేదు. గొయ్యి తవ్వుదామంటే పక్కనే బావి. దీంట్లో పోయినాక దోసెడు బూడిద చల్లితే వాసన రాదు. కడుక్కునే నీళ్లు వేరే రాయి మీద, కాలవలోకి. డబ్బా నిండితే మూతేసి, మన్ను అయ్యేదాకా పక్కన పెడతాం."

"ఎత్తేది ఎవరు?"

"నేనే."

"నేను బతికుండగా ఆ పని నా కొడుకు చెయ్యడు."

దస్తగిరి గొంతు పెంచలేదు. "నువ్వు బతికే ఉంటావులే అమ్మా. లోపల జరంతో పండుకుండేది బతుకుతాదా?"

అప్పుడు మంచం మీదనుంచి మాబున్ని సన్నగా పిలిచింది.

"అత్తా, ఆయన పుట్టకముందు నీకు ఇద్దరు బిడ్డలు పోయినారంట గదా. అప్పుడు నీకూ ఇట్లే జరం వచ్చిందా?"

ఎత్తిపొడుపు కాదది. తనకు ఏమవుతుందో తెలుసుకోవాలన్న భయం, అంతే. కానీ గుల్జార్‌బీ గడప మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఆమె ఆ ఇద్దరినీ దిష్టి తీసుకుపోయిందనుకుంది. తాయెత్తులు కట్టించుకుంది, దర్గాల్లో మొక్కుకుంది.

"వచ్చింది," అంది. "రెండుసార్లూ చలిజరమే. దప్పికతో నాలిక పిడచకట్టింది. నీళ్లు అడగకుండా పండుకున్నానని మా అత్త పదిమందిలో మెచ్చుకునింది. నేను పొంగిపోతిని మాబూ."

ఆమె లేచింది. పొయ్యిలోని బూడిద తానే జల్లెడ పట్టి తట్టకెత్తింది.

సాయంత్రం నాలుగయ్యేసరికి చెక్కపెట్టె కుదిరింది, తడిక తలుపు కూడా కుదిరింది. అయినా మాబున్ని నీళ్లు ముట్టలేదు. పట్టపగలు, ఇంట్లో, మొగుడూ అత్తా వింటుండగానా? భయానికి ఇప్పుడు సిగ్గు కూడా తోడైంది. ఒళ్లు కాలిపోతోంది.

గుల్జార్‌బీ కోడలి ఎదురుగా నిలబడి చెంబెడు నీళ్లు గటగటా తాగింది. మళ్లీ ముంచుకుని తాగింది.

"రేయ్, నువ్వు మసీదు దాకా పోయి రా," అని కొడుకుని పంపేసింది.

కాసేపు మంచం పట్టెమీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఎండ ఉండగా ఆ పనికి లేచింది ఆమె ఆరోజే. లోటా పట్టుకుని తడిక వెనక్కి పోయింది. బూడిద చల్లిన చప్పుడు కోడలికి వినిపించింది.

చేతులు కడుక్కుని వచ్చి మాబున్ని తల ఒళ్లోకి తీసుకుంది. "నేను పోయొచ్చినా. ఏమీ కాలేదు. ఇల్లు ఇల్లు మాదిరే ఉండాది. తాగు నా తల్లీ."

మాబున్ని తాగింది. చెంబు ఖాళీ చేసి, ఇంకా కావాలని చెయ్యి చాపింది.

గుల్జార్‌బీ కుండ దగ్గరికి పోయి అక్కడే నిలబడిపోయింది. పోయిన ఇద్దరూ గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చెంబు నిండా నీళ్లు ముంచి తెచ్చింది.