పచ్చబడిన ఖాళీ మడి

సముద్రం డాక్టరమ్మ గడ్డి తిన్నదట. ఈ మాట పక్కింటావిడకు మేడమీదావిడ చెప్పింది. మేడమీదావిడకు ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తులేదు. పక్కింటావిడ గోడ మీదుగా ఆ మాటను లాయరమ్మ చెవిన వేసి, "నేనన్నానని ఎక్కడా అనకు తల్లీ" అని ముక్తాయించింది. లాయరమ్మ లోపలికొచ్చి, పెదనాన్నకు కాఫీతోపాటు ఆ కబురునూ అందించింది.

ఆ పెదనాన్నే ఆరా మాస్టారు. బడిలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ పిల్లల అబద్ధాల ఆరా తీశారు. రిటైరయ్యాక పెద్దవాళ్ళవి తీస్తున్నారు. ఆయన తమ్ముడి కూతురు లా చదివింది. కోర్టులో కంటే పెదనాన్న వరండాలోనే ఎక్కువ నేర్చుకోవచ్చని తేల్చుకుని ఆయన దగ్గరే అసిస్టెంటుగా కుదురుకుంది.

"గడ్డి తినేవాళ్ళను చాలామందిని చూశానుగానీ అమ్మడూ, సముద్రపు గడ్డి తిన్నవాళ్ళ సంగతి వినడం ఇదే" అన్నారు మాస్టారు.

ఆ మాట గాల్లో ఉండగానే గేటు తెరుచుకుంది. వచ్చింది సాక్షాత్తూ ఆ డాక్టరమ్మే. సముద్ర జీవుల మీద పరిశోధన చేస్తుంది. ముఖం పాలిపోయి ఉంది. కుర్చీ చూపిస్తే దాని అంచున కూర్చుంది.

"మాస్టారూ, నేను దొంగ పరిశోధన చేశానంటున్నారు" అంది. "ఒడ్డు పక్కన మోకాటి లోతు నీళ్ళలో సముద్రపు గడ్డి పెరుగుతుంది. చేపపిల్లలకు అదే ఉయ్యాల, అదే గోడ. ఇంజను పడవల పంకాలు తగిలి చాలాచోట్ల నేల బోడిగా అయిపోయింది. మేం అక్కడ పక్కపక్కనే రెండు మడులు కట్టాం. ఒకదాంట్లో గడ్డి నాటాం. రెండోది ఖాళీగా వదిలేశాం."

"ఖాళీగా ఎందుకు?"

"పోల్చి చూడ్డానికండీ. వేరు లేకపోతే ఇసుక నిలవదు, ఇసుక నిలవకపోతే వేరు పట్టదు. అందుకని ఒకసారి బోడి అయిన చోట గడ్డి దానంతటది మొలవదని మా కంప్యూటర్ మోడల్ చెబుతోంది. ఆ మాట నిజమో కాదో తేల్చేది ఆ ఖాళీ మడే. నేను సర్వే ఓడ మీద సీజనంతా వెళ్ళి వచ్చేసరికి, ఖాళీ మడి పచ్చగా ఉంది!"

"పచ్చగా ఉంటే మంచిదే కదండీ?" అంది లాయరమ్మ.

"నా కొంప ముంచింది ఆ పచ్చదనమే! అక్కడ జెట్టీ కట్టాలని చూస్తున్న కంపెనీ ఇంజినీరు దాన్ని ఫోటో తీసి, అనుమతులిచ్చే కమిటీకి పంపాడు. 'గడ్డి దానంతటదే మొలుస్తోంది, మేం తవ్వినా మళ్ళీ మొలుస్తుంది, ఈవిడ మోడల్ వట్టి బూటకం' అని. రేపు కమిటీ వస్తోంది. వాళ్ళు ఊఁ అన్నారంటే ఆ గడ్డంతా తవ్విపోస్తారు."

"వెళ్ళేముందు ఆ మడి సంగతి ఎవరికి అప్పజెప్పారు?"

"ల్యాబులో మోడల్ పని చేసే, నా తమ్ముడిలాంటి కుర్రాడికీ, ఇంట్లో మా మామగారికీ. ఆయన రోజూ ఆ ఒడ్డునే నడుస్తారు. ఇద్దరికీ ఒకటే మాట చెప్పాను. ఖాళీ మడిని జాగ్రత్తగా చూసుకోండి, పక్కదానికి పర్వాలేదు అని."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పుల కోసం చూశారు.

*

నీళ్ళు వెనక్కి తీసిన వేళ ముగ్గురూ ఒడ్డుకు చేరారు. మోడల్ తమ్ముడు అప్పటికే అక్కడ దిగాలుగా నిలబడి ఉన్నాడు. జెట్టీ ఇంజినీరు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే.

మాస్టారు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలోకి దిగారు. డాక్టరమ్మ నాటిన మడిలో ప్రతి కుచ్చునూ ఇనుప పిన్ను ఒకటి పట్టి ఉంచింది. కుచ్చులు అక్కడొకటి ఇక్కడొకటి చెదురుగా ఉన్నాయి.

"ఎక్కడ నాటాలో కంప్యూటరే చెబుతుందండీ. మా ఇష్టమొచ్చిన చోట నాటితే లెక్క తప్పుతుంది" అన్నాడు తమ్ముడు.

పక్క మడిలో పిన్ను అన్నది లేదు. అదే ఇంజినీరుకు పట్టు దొరికింది. "చూశారా! పిన్నుల్లేవు, మనుషుల చెయ్యి పడలేదు. ప్రకృతిమాత దయ."

మాస్టారు వంగి చూస్తూనే ఉన్నారు. ఈ మడిలో కుచ్చులు బారులు తీరి ఉన్నాయి. లోతు వైపు బారులు ఒత్తుగా ఉండి, ఒడ్డు వైపుకు వచ్చేకొద్దీ పలచబడ్డాయి. ఆయన ఒక కుచ్చును నీళ్ళలోనే వేళ్ళతో పైకెత్తారు. లేత ఆకుల మధ్యనున్న ముదురాకుల కొసలన్నీ ఒకే ఎత్తున తెగి ఉన్నాయి.

"చేపలు కొరికుంటాయి" అన్నాడు ఇంజినీరు.

"మీ చేపలకు స్కేలు పెట్టి కొరికే అలవాటుందా?" అంది లాయరమ్మ.

మోడల్ తమ్ముడికి నవ్వొచ్చిందిగానీ మింగేశాడు.

*

మాస్టారు డాక్టరమ్మ ఇల్లు చూస్తానన్నారు. గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పులున్నాయి. వాటి పట్టీల మీద తెల్లటి ఉప్పు చార. ఆమె భర్త సరుకు ఓడల మీద ఇంజినీరు, ఇంట్లో ఉండేదే తక్కువ. మామగారు బాల్కనీలో కుండీల ముందు కూర్చుని ఉల్లినారు నాటుతున్నారు. గోటితో కొసలు తుంచడం, బొటనవేలితో మట్టిలోకి నొక్కడం. కొత్త కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే మోచేత్తో పైకి తోసుకుంటున్నారు.

"కూర్చోండి బాబూ" అన్నారాయన. "ఇప్పుడు మీ ముఖం కనిపిస్తోంది. నిరుడైతే మీరు నాకు ఒక నీడ. కళ్ళు రెండూ పోయాయనుకున్నాను. కొడుకులు ఫోన్లో సలహాలిచ్చారు. ఈ పిల్ల సెలవు పెట్టి, ఆపరేషన్ చేయించి, కంట్లో చుక్కలు వేసి, ముద్ద కలిపి నోట్లో పెట్టింది. కన్న కూతురైనా విసుక్కునేదేమో. ఈ జన్మకు ఆ రుణం తీరదు."

"పోనిద్దురూ మామయ్యా" అంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దాటాక, వెనకే వచ్చిన మాస్టారుతో గుసగుసగా అంది. "కమిటీ గొడవ ఆయనకు చెప్పలేదండీ. బెంగ పెట్టుకుంటారు."

"చెప్పకపోవడంలోనే అంతా చిక్కుబడిందమ్మా" అన్నారు మాస్టారు. "రేపు ఆయన్ని కూడా ఒడ్డుకు తీసుకురండి. భయం లేదు."

దారిలో లాయరమ్మ ఉండబట్టలేక అడిగింది. "జెట్టీ ఇంజినీరేనా పెదనాన్నా?"

"అతనికి నష్టం చేసే తెలివి ఉంది, మేలు చేసే ఓపిక లేదు. ఆ మడిలో కనిపించేది ఓపిక."

*

మర్నాడు ఒడ్డున అందరూ చేరారు. కమిటీ పెద్దావిడ గొడుగు కింద నిలబడి, "దోషి ఎవరో త్వరగా చెప్పండి మాస్టారూ, నీళ్ళు మళ్ళీ ఎక్కుతాయి" అంది.

"దోషి అనకండి, నాటినవారు అనండి. ఈ గడ్డి దానంతటది మొలవలేదు. దానంతటది మొలిచే గడ్డికి బారులు తీరే బుద్ధి ఉండదు."

"అంటే నేను నాటించానంటారా?" గయ్యిమన్నాడు ఇంజినీరు.

"పీకడానికి వచ్చినవారు మీరు, నాటడం మీ వల్ల ఏమవుతుంది? ఈ తమ్ముడూ కాదు. కంప్యూటర్ చెప్పనిదే చెయ్యి కదపడు, ఈ సీజనంతా తెర వదిలి ఒడ్డుకే రాలేదు. ఇక చూడండి. బారులు లోతు వైపు మొదలై ఒడ్డు వైపు పలచబడ్డాయి. అంటే నాటినవారు వెనక్కి వెనక్కి నడుస్తూ నాటారు, చివరికొచ్చేసరికి చేతిలో నారు అయిపోవచ్చింది. వెనక్కి నడుస్తూ నాటేది ఎవరు? వరి నాట్లు వేసినవాళ్ళు. ఆకుల కొసలు తుంచి ఉన్నాయి. నారు కొసలు తుంచి నాటితే త్వరగా తేరుకుంటుందని ఎవరికి తెలుసు? రైతుకు."

డాక్టరమ్మ నెమ్మదిగా తల తిప్పి మామగారి వైపు చూసింది.

"తప్పంతా ఒక మాటది" అన్నారు మాస్టారు. "'చూసుకో' అన్న మాటది. అది రౌడీ నోట వస్తే బెదిరింపు. పోలీసుతో అంటే కాపలా. ఆయాతో అంటే లాలన. డాక్టరమ్మగారు కాపలా అనుకుని చెప్పారు. వినేవారు రైతు."

మామగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకొచ్చారు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ లేదు. "నేనే నాటాను. పక్క మడి పచ్చగా ఉంది, మా కోడలు చూసుకోమన్న మడి బోసిగా ఉంది. ఎవరో పాపాత్ములు పీకేశారనుకున్నాను. చేసింది నోటితో చెప్పుకోవడం ఎందుకని ఊరుకున్నాను."

"నారు ఎక్కడిది తాతగారూ?" అంది పెద్దావిడ.

"ఒడ్డుకు కొట్టుకొస్తుంది కదమ్మా, వేళ్ళతో సహా. ఈ ఇంజినీరుబాబు పడవ తిరిగిన రోజునైతే మోపులు మోపులు."

ఇంజినీరు ఇసుకలో ఏదో పోగొట్టుకున్నవాడిలా కిందికి చూశాడు.

పెద్దావిడ గొడుగు ముడిచింది. "నాటకపోతే మొలవదని తేలింది. పడవ తిరిగితే పోతుందనీ తేలింది. మోడల్ చెప్పింది అదే. ఈ ఒడ్డును ఎవరూ తవ్వరు."

డాక్టరమ్మ మాస్టారుకు చేతులు జోడించింది. లాయరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. మోడల్ తమ్ముడు ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు, వదలడం మరిచిపోయినట్టు.

కాసేపటికి డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో అంది. "చూసుకోమంటే నాటమని కాదు మామయ్యా! ఎవరూ ముట్టుకోకుండా చూసుకోమని."

"ముట్టుకోకుండా చూసుకోవడమేంటమ్మా? నన్ను అలాగే చూసుకున్నావా?"