నాలుగంకె దగ్గర గాటు

"ఇది గడియారమేనా చాచా, ఏడన్న తవ్వకాలల్ల దొరికిందా?"

ఉదయ్ కిరణ్ మాటకు చోటే మియా నవ్వాడు. వనపర్తి బస్టాండు ఎదుట వాచీలు బాగుచేసే చిన్న డబ్బా దుకాణం ఆయనది. చేతి గడియారం లోపలి అంకెల పలక పసుపు పచ్చగా మారింది. కీ తిప్పే బొడిపె అరిగింది. అద్దం నిండా గీతలే.

"ముసల్ది అయినా గుండె గట్టిది బేటా. కీ ఇస్తే ఉరుకుతది. నచ్చకుంటే పెట్టి పో."

నచ్చకపోవడమా! వెనక మూత మీద 'పెంటయ్య' అని చెక్కిన పేరు చూసినప్పటి నుంచి ఉదయ్ కాళ్లు నేల మీద లేవు. దీనికోసం గద్వాల, నాగర్‌కర్నూల్ దుకాణాలన్నీ గాలించాడు మరి.

పెంటయ్య సుప్రియ తండ్రి. ఆయన పోయాక సుప్రియ అన్న హరీష్ ఈ గడియారాన్ని పాత సామానుతో కలిపి అమ్మేశాడు. సుప్రియ, ఉదయ్ వనపర్తిలో ఒకే ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతారు. సాయంత్రం ఆమె నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కేదాకా అతను తోడు నిలబడతాడు. ఈలోపు తను ఎక్కాల్సిన గద్వాల బస్సులు ఎన్ని పోయినా అతనికి పట్టదు.

పోయిన వానాకాలం బస్టాండు షెడ్డు కిందే ఆమె ఈ గడియారం సంగతి చాలాసేపు చెప్పింది. వెనక నాన్న పేరుంటుందన్న మాట వరకు ఉదయ్ బుద్ధిగా విన్నాడు. తర్వాత ఆమె చెంప మీద జారుతున్న వాన చుక్క ఎక్కడ ఆగుతుందా అని చూస్తూ ఉండిపోయాడు. కుర్రకారు ప్రేమ అంతే, కళ్లు విచ్చుకుంటే చెవులు మూసుకుపోతాయి.

"ఆదివారం కొల్లాపూర్ నుంచి నన్ను చూడనీకి వస్తుండ్రు" అని నిన్న చెప్పి ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చూపు అతనికి అర్థమైంది. రేపే గడియారం చేతిలో పెట్టి, మనసులో మాట చెప్పేయాలి.

"అద్దం మార్చాల్నా?" అడిగాడు చోటే మియా.

"మార్చు చాచా. పెండ్లికొడుకు లెక్క మెరవాలె. ఒక్క గీత గూడ కనపడొద్దు."

చోటే మియా పాత అద్దం ఊడదీసి చెత్తబుట్టలో వేశాడు.

మర్నాడు సాయంత్రం వాన పట్టుకుంది. షెడ్డు కింద జనం ఒదిగి నిలబడ్డారు.

"సుప్రియ మేడం, జర కండ్లు మూస్కోండి."

"ఏంది సర్ గీ వేషాలు? మన ఏడో తరగతి పిల్లలు ఆడనే ఉన్నరు."

అలా అంటూనే కళ్లు మూసుకుంది. అరచేతిలో చల్లగా తగిలేసరికి తెరిచి చూసింది. వెనక మూత మీద పేరు చదివి గడియారాన్ని గుండెకు హత్తుకుంది.

"నాయినదే! ఏడ దొరికింది సర్?"

ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. ఈలోపు ఆమె గడియారాన్ని ముందుకు తిప్పి, బొటనవేలితో అద్దం తడిమింది. మళ్లీ తడిమింది. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"పాత అద్దం ఏది?"

"కొత్తది ఏయించిన. అది మస్తు గీతలు పడి..."

"నాలుగంకె దగ్గర గాటుండె సర్. నాకు పాలపండ్లు వచ్చేటప్పుడు నాయిన ఎత్తుకుంటే కొరికిన గాటు. ప్లాస్టిక్ అద్దమే, మార్పియ్యమని అందరు చెప్పినా మార్పియ్యలే. నా బిడ్డ పండ్లు అని ఊరంత చూపిస్తుండె. అది ఒక్కసారి తడిమితే సాలని మీకు చెప్పిన గదా! గీడనే చెప్పిన."

"చెప్పిన్రా?" అనేశాడు ఉదయ్.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆమె అతని వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

వానలోనే చోటే మియా దగ్గరికి పరుగెత్తాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"పొద్దుగాలనే మున్సిపాలిటీ బండి చెత్తంత ఎత్కపోయిందట. మాఫ్ చెయ్యుండ్రి. ఇంకో మాట గూడ చెప్పాలె."

"చెప్పుండ్రి సర్. నేను వింట."

నిజంగానే వింది. అతను తడబడుతూ మనసంతా చెప్పుకుంటుంటే పక్క చూపు చూడలేదు, నాగర్‌కర్నూల్ బస్సు వచ్చి ఆగినా కదల్లేదు. అంతా విన్నాకే నోరు విప్పింది.

"మొన్ననే గీ మాటంటే ఎగిరి దుంకుతుంటి సర్. నాయిన గడియారం తెచ్చిన్రు, సచ్చేదాక మర్చిపోను. గాని నేను మాట్లాడుతుంటే మీరు నన్ను చూసిన్రు, వినలే. ఇంటికి పోయి కొల్లాపూరోళ్లని రమ్మనమంట."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. గడియారాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఉదయ్ వానలో నిలబడి చూశాడు. ఇన్నాళ్లలో ఆమె చెప్పిన మాటల్లో ఒక్క పొల్లు కూడా పోకుండా అతను విన్నది ఇవాళే.